వదలని పడిశం – వైద్యుని సంప్రదించవలసిన వేళ

పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు చెప్పారు. పడిశానికి మందు వాడితే వారంలో, వాడకుంటే ఏడు రోజులలో తగ్గుతుందనే హాస్యోక్తి కూడ మన ఇండ్లలో వినబడుతూనే ఉంటుంది. మొదటి మాట భయపెడుతుంది. రెండవది భయం వద్దంటుంది. పైకి ఇవి పరస్పర విరుద్ధాలుగా తోచినా రెండింటిలోను సత్యం ఉన్నది. ఏ దినం వరకు రెండవ మాటను నమ్మి ఇంట ఉండవచ్చును, ఏ దినం నుండి మొదటి మాటను తలచుకొని వైద్యుని గడప తొక్కవలెను అన్నదే ఇక్కడ మనం విచారించవలసిన విషయం. ఇది చిన్న విషయమని విద్యార్థి మిత్రులు తలచవచ్చు. కాని మన నిజామాబాదు జిల్లాలో, ముఖ్యంగా మెండోర, బాల్కొండ, ఆర్మూరు ప్రాంతాలలోను, బోధన్ చెరకు సీమలోను ఇది అంత చిన్నది కాదని చెప్పుటకు తగిన కారణాలున్నాయి.

ముందుగా పేర్లు చూతము. గ్రంథాలలో ప్రతిశ్యాయమని, కోస్తా జిల్లాలలో రొంప అని, జలుబు అని, మన ఇండ్లలో సర్ది అని అంటారు. ఉర్దూ మాట్లాడే కుటుంబాలలో రెండు పేర్లున్నవి: జుకాం, నజ్లా. సామాన్యంగా ఈ రెంటిని కలిపే వాడుతారు గాని యునానీ వైద్యశాస్త్రం వీటిని వేరు చేసింది. స్రావం ముక్కు ద్వారా బయటకు వస్తే జుకాం. అదే గొంతులోనికి, రొమ్ములోనికి దిగితే నజ్లా. ప్రాచీన హకీములు చేసిన ఈ విభజన నేటి దృష్టితో చూచినను ఉపయోగకరమే. ముక్కులోని జబ్బు ముక్కులోనే ఆగినదా, లేక కిందికి దిగినదా అన్న ప్రశ్నపైననే మన నిర్ణయంలో సగం భాగం ఆధారపడి ఉన్నది.

పడిశానికి కారణం సూక్ష్మాతి సూక్ష్మమైన వైరసులు. ఇవి 200 రకాలకు పైగా ఉన్నవి. అందులో రైనోవైరస్ అనే జాతి ముఖ్యమైనది. దానిలోనే నూట అరవైకి మించిన ఉపభేదాలున్నందున ఒకసారి పడిశం పట్టినవానికి మరల పట్టదనే హామీ లేదు. పెద్దవారికి ఏటా రెండు నుండి నాలుగుసార్లు, బడికి పోయే పసివారికి అంతకన్న ఎక్కువసార్లు రావడం సహజం. వైరసు ముక్కులోపలి పొరను తాకిన ఒకటి రెండు రోజులకు గొంతు గరగర మొదలవుతుంది. తరువాత తుమ్ములు, నీటివలె కారే ముక్కు, తలబరువు, స్వల్పజ్వరం. రెండవ మూడవ దినాలలో బాధ శిఖరానికి చేరి, అక్కడినుండి దిగుముఖం పడుతుంది. ఏడు నుండి పది దినాలలో చాలామందికి తగ్గుతుంది. కొందరికి రెండు వారాలు పట్టవచ్చు. గొంతులో మిగిలిన పొడిదగ్గు ఇంకను కొన్నాళ్ళు సాగవచ్చు.

వానలో తడిస్తే, చల్లనివి తాగితే పడిశం పడుతుందని మన విశ్వాసం. ఇంగ్లండులోని సాలిస్‌బరీ అనే ఊర 1946 నుండి 1990 వరకు కేవలం పడిశంపై పరిశోధనకే ఒక కేంద్రం నడిచింది. స్వచ్ఛందంగా వచ్చినవారిని పది దినాల పాటు అతిథులవలె ఉంచుకొని, కొందరిని స్నానం చేయించి తడిమేజోళ్ళతో గాలివీచే చోట నిలబెట్టి చూచారు. చలి పెట్టినంత మాత్రాన వారికి పడిశం అధికంగా రాలేదని తేలింది. తరువాతి కాలంలో 2005లో కార్డిఫ్‌లో జరిగిన పరిశోధన మాత్రం, చల్లనినీట పాదాలు ముంచినవారిలో పడిశపు లక్షణాలు కొంత హెచ్చుగా కనిపించాయని చెప్పింది. కాబట్టి మన అమ్మమ్మలు, నానమ్మలు పూర్తిగా ఓడిపోలేదు. మానవులకు సోకే కరోనావైరస్ జాతిని 1965లో తొలుత గుర్తించినది కూడ ఆ సాలిస్‌బరీ కేంద్రమే. ఆనాడు అది ఒక సాధారణ పడిశానికి కారణంగా మాత్రమే తెలిసింది. అదే కుటుంబానికి చెందిన మరొక వైరసు 2020లో మన కళాశాలలన్నింటిని మూయించింది.

మూడు నాలుగు దినాలు గడిచేసరికి ముక్కునుండి కారే ద్రవం చిక్కబడి, పసుపు లేక ఆకుపచ్చ వన్నెకు తిరుగుతుంది. ఇక్కడనే పొరపాటు జరుగుతున్నది. రంగు మారినది గనుక చీము పట్టినదని, వెంటనే యాంటిబయాటిక్ వేసుకోవలెనని చాలామంది మందుల దుకాణానికి నడుస్తారు. రోగాన్ని ఎదిరించుటకు వచ్చిన తెల్లరక్తకణాలలో ఒక పచ్చని పదార్థం ఉన్నది. ఆ కణాలు గుంపులుగా చేరినపుడు శ్లేష్మానికి ఆ వన్నె వస్తుంది. అది యుద్ధం జరుగుతున్నదనుటకు సాక్ష్యమే గాని శత్రువెవరో చెప్పదు. యాంటిబయాటిక్ మందులు బాక్టీరియాను చంపగలవు, వైరసును తాకవు. భీమవరంలో పుట్టి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అది ఎన్నో వ్యాధులను జయించిన మహౌషధం. అదైనను, దాని తరువాత వచ్చిన ఏ యాంటిబయాటిక్ అయినను సాధారణ పడిశాన్ని ఒక్క గంట ముందు తగ్గించలేదు. అనవసరంగా వాడినకొలది మన దేహంలోని బాక్టీరియా మాత్రం ఆ మందుకు లొంగకుండ రాటుదేలుతుంది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టుటకే 2014 మార్చి నుండి కొన్ని ముఖ్యమైన యాంటిబయాటిక్‌లను, క్షయరోగపు మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని, అమ్మినదానిని ప్రత్యేక పుస్తకంలో వ్రాయవలెనని ప్రభుత్వం నియమం చేసింది. ఆ నియమం ఎంతవరకు అమలవుతున్నదో పాఠకులకు తెలియనిది కాదు.

మరి ఆ మొదటి పది దినాలు ఏమి చేయవలెను? విశ్రాంతి, వేడినీరు, చారు, సుఖమైన నిద్ర. పసుపు వేసిన పాలు తాగినా, ఉన్నాబ్, సపిస్తాన్, ములేఠీ వేసి కాచిన జోషాందా తాగినా నాకు అభ్యంతరం లేదు. వేడిద్రవం గొంతుకు హాయి, లోనికి పోయిన నీరు శ్లేష్మాన్ని పలుచన చేస్తుంది. ఒక చెంచా తేనె రాత్రి దగ్గును కొంత శాంతింపజేస్తుందని ఆధునిక వైద్యులు కూడ ఒప్పుకున్నారు, అయితే ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. ఆవిరి పట్టుట హాయిగానే ఉంటుంది గాని మరిగే గిన్నె పక్కన పసిపిల్లలను కూర్చోబెట్టుట ప్రమాదం. ముక్కు దిబ్బడకు వాడే చుక్కల మందు విషయంలో ఒక హెచ్చరిక. అది నిమిషాలలో ముక్కును తెరుస్తుంది. కాని ఐదు దినాలకు మించి వాడితే, మందు దిగినప్పుడల్లా ముక్కు మునుపటికన్న ఎక్కువగా దిబ్బడ వేస్తుంది; మరల చుక్కలు, మరల దిబ్బడ. నెలల తరబడి పడిశం వదలలేదని వాపోయేవారిలో కొందరిని పట్టినది పడిశం కాదు, ఆ సీసాయే.

పిల్లల దగ్గు మందుల సంగతి మరింత గంభీరమైనది. 2025 శరత్కాలంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో సాధారణ జలుబు, దగ్గులకు ఇచ్చిన ఒక సిరప్ తాగి ఇరవైమంది వరకు పసివారు మూత్రపిండాలు చెడి మరణించారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రవం కలిసినట్లు పరీక్షలలో బయటపడింది. అదే విషం 1937లో అమెరికాలో వందమందికి పైగా ప్రాణాలు తీసి అక్కడి ఔషధ చట్టాన్ని మార్పించింది. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని మన కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. తనంతట తాను తగ్గిపోయే జబ్బు కొరకు ఆ బిడ్డల తల్లిదండ్రులు మందు కొని తెచ్చారన్నది తలచుకొంటే గుండె బరువెక్కుతుంది.

ఇక పదవ దినం దాటిన పడిశం. ముఖంలోని ఎముకలలో గాలితో నిండిన గదులున్నవి. చెక్కిలి ఎముక వెనుక ఉన్న గది వీటిలో పెద్దది. దాని తలుపు నేలమట్టంలో గాక పైకప్పు దగ్గర ఉన్నది. అందుచేత అందులో చేరిన శ్లేష్మం సులభంగా కారిపోదు, సూక్ష్మరోమాలు దానిని పైకి ఎత్తిపోయవలెను. పడిశంలో ఆ రోమాలు దెబ్బతిని, తలుపు వాచి మూసుకొంటే, నిలువనీటిలో నాచు పట్టినట్లు అక్కడ బాక్టీరియా పెరుగుతుంది. ఇదే సైనసైటిస్. దీనిని గుర్తించే ఆనవాళ్ళు రెండు. పది దినాలు గడిచినా ఏమాత్రం తగ్గుముఖం పట్టకపోవడం ఒకటి. ఐదారు దినాలకు తగ్గినట్లే తగ్గి, మరల జ్వరంతో, ఒకవైపు చెక్కిలి నొప్పితో, వంగితే తల పగిలే బాధతో తిరగబెట్టడం రెండవది. ఈ రెండవ ఆనవాలు మరింత నమ్మదగినది. అప్పుడు వైద్యుడు యాంటిబయాటిక్ వ్రాస్తే దానికి అర్థమున్నది. కంటిచుట్టు వాపు వస్తే మాత్రం మరునాటికి వాయిదా వేయరాదు. ఇంకొక విచిత్రం: పసివానికి ఒక్క ముక్కురంధ్రం నుండి మాత్రమే దుర్గంధంతో చీము కారుతున్నదంటే అది పడిశం కాకపోవచ్చు. శనగగింజనో, పూసనో, బొత్తామునో లోనికి తోసుకొని ఉంటాడు.

కొందరికి పడిశం నెలలు నెలలు ఉంటుంది. జ్వరముండదు, ఒళ్ళునొప్పులుండవు. ఉదయం లేవగానే వరుసగా పది పదిహేను తుమ్ములు, ముక్కులో కళ్ళలో దురద, నీరు. ఇది వైరసు పని కాదు, అలర్జీ. మన సీమలో దీనికి నిమిత్తాలు కొల్లలు. 1963 జూలైలో పండిత నెహ్రూ పోచంపాడు వద్ద ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన తరువాత కాలంలో కాలువలు వచ్చి మన మెట్టభూములు తడిసినవి, పంటలు పెరిగినవి. కాలువగట్ల వెంట, బాటల పక్కన పంటతో పాటు వయ్యారిభామ కూడ పెరిగింది. ఆ తెల్లపూల కలుపుమొక్క పుప్పొడి ముక్కుకు పరమశత్రువు. పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పీపాలలో తిప్పి మెరుగుపెట్టే దినాలలో లేచే ధూళి మరొకటి. పసుపు ఔషధమే, కాని దాని దుమ్మును రోజంతా పీల్చుట ఔషధసేవ కాదు. బోధన్ సీమవారికి చెరకుపిప్పి సంగతి చెప్పవలసి ఉన్నది. 1937లో స్థాపితమై ఒకనాడు ఆసియాలోనే పేరుగన్న నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన సంగతి అందరికి తెలుసు. అయితే పిప్పి ఎక్కడ కుప్పలుగా తడిసి నిలువ ఉంటుందో అక్కడ ఒక బూజువంటి సూక్ష్మజీవి పెరుగుతుంది. ఆ ధూళి పీల్చిన కొన్ని గంటలకు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి. లూసియానా చెరకు ప్రాంతపు కార్మికులలో దీనిని గుర్తించి 1941లో బగాసోసిస్ అని పేరుపెట్టారు. చూచువారికి ఫ్లూ జ్వరమనిపిస్తుంది. పని మానిన రోజులలో తగ్గి, పనికి పోగానే తిరిగి వచ్చుట దీని లక్షణం. అలర్జీకైనా ఇదే పరీక్ష. నాలుగు దినాలు వేరే ఊర బంధువుల ఇంట ఉన్నపుడు ముక్కు బాగుపడి, ఇంటికి రాగానే మొదలైతే, రోగి సగం నిదానం తానే చేసుకొన్నట్లు. మిగతా సగానికి వైద్యుడు కావలెను, ఎందుకనగా వదిలివేసిన ముక్కు అలర్జీకి తోడుగా కొందరిలో ఉబ్బసం కూడ వస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా ముక్కు సంగతి. ఇకమీద చెప్పబోవునది హకీములు నజ్లా అన్న దాని కిందిమెట్టు సంగతి, నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినదీ అదే. మన గ్రామాలలో చాలమంది స్త్రీలు చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతారు. తునికాకు కత్తిరించుట, తంబాకు నింపుట, దారం చుట్టుట, అన్నీ ఇంటిలోనే. అదే గదిలో పిల్లలు నిద్రపోతారు. తంబాకు ధూళికి దగ్గు వస్తుందన్న మాట నిజమే. కాని ఆ నిజమే ఒక ముసుగుగా మారినది. వానాకాలంలో సర్ది పట్టింది. సర్ది పోయింది, దగ్గు మిగిలింది. ఇది తంబాకు దగ్గేనని, వేయి బీడీల లెక్క పూర్తిచేస్తే గాని కూలి రాదని ఆ తల్లి వారాలు గడుపుతుంది. పడిశం క్షయగా మారదు. ఈ అపోహను తొలగించుకోవలెను. వైరసు వేరు, క్షయ బాక్టీరియా వేరు. క్షయ ముక్కు కారించదు. కాని లోలోపల మొదలైన క్షయ దగ్గుకు, మొన్నటి పడిశం ఒక సాకుగా దొరుకుతుంది. అందుచేత రోగి మోసపోతాడు, ఒక్కొక్కప్పుడు వైద్యుడు కూడ.

అందుకే జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం ఒక సులువైన గీత గీచింది: రెండు వారాలు, అంతకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవలెను. మొదట ఈ గడువు మూడు వారాలుగా ఉండేది. తరువాత రెండుకు తగ్గించారు. సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి మందగించుట, బరువు తగ్గుట, తెమడలో రక్తపు జీర – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండు వారాలు కూడ ఆగనక్కరలేదు.

విద్యార్థులు ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ చేయవచ్చు. పడిశం తరువాతి పొడిదగ్గు మూడు మొదలు ఎనిమిది వారాల దాకా ఉండగలదు గదా, రెండు వారాలకే దగ్గేవారిలో అత్యధికులకు క్షయ ఉండదు గదా, మరి అందరిని పరీక్షకు పంపుట దేనికి? ఆక్షేపణ సరియైనదే. జవాబు తూకంలో ఉన్నది. క్షయ లేనివాడు పరీక్షకు పోతే అతడు నష్టపోయేది ఒక పూట. పరీక్ష ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. క్షయ ఉన్నవాడు పోకపోతే నష్టపోయేది అతని ఊపిరితిత్తి. అంతేగాక ఒకే గదిలో ఊపిరి పంచుకొనే తల్లి, చెల్లెలు, వసతి గృహంలోని మిత్రుడు కూడ. ప్రపంచ క్షయరోగులలో సుమారు నాల్గవ వంతు మన దేశంలోనే ఉన్నారన్న సత్యాన్ని తూకంలో వేస్తే ఎటు మొగ్గునో వేరుగ చెప్పనక్కరలేదు. మధుమేహమున్న వారికి ఈ ప్రమాదం ఇతరులకన్న రెండు మూడు రెట్లు అధికం.

గ్రామంలో జ్వరమన్నా, దగ్గన్నా మొదట కనిపించేది సూది వేసే స్థానిక వైద్యుడు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, అప్పు పెట్టినా ఊరుకుంటాడు. ఆయనను నిందించుట నా ఉద్దేశం కాదు. కాని వదలని దగ్గుకు స్టెరాయిడ్ సూది వేస్తే రెండు దినాలు ఎంతో హాయిగా ఉంటుంది, ఆ హాయి చాటున క్షయ మరింత వ్యాపిస్తుంది. లెవోఫ్లాక్ససిన్ వంటి కొన్ని యాంటిబయాటిక్‌లు క్షయ క్రిములను కొంతమేర అణచి, పరీక్షలో దొరకకుండ చేసి, నిదానాన్ని వెనుకకు నెట్టివేస్తాయి. కాబట్టి రెండు వారాలు దాటిన దగ్గుకు మొదట పరీక్ష, తరువాతనే సూది. ఈ వరుస తప్పరాదు.

ఇన్ని తెలిసినా మనవారు ఎందుకు పోరు? దూరం కాదు; ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలున్నవి, ఆర్మూరులో ప్రభుత్వాసుపత్రి ఉన్నది, నిజామాబాదులో 2013 నుండి వైద్యకళాశాలయే ఉన్నది. ఖర్చు కూడ కాదు. భయం. టీబీ అన్న పేరు బయటపడితే ఆడపిల్ల పెండ్లి ఆగుతుందని తండ్రికి భయం. మన జిల్లా యువకులలో అనేకులు గల్ఫ్ దేశాల వైపు చూస్తున్నారు. ఆ దేశాలకు పోవుటకు వైద్యపరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి, క్షయ గుర్తు కనబడితే అనర్హుడని పంపివేస్తారు. మానిన మచ్చ కూడ అడ్డు కావచ్చు. కనుక వీసా వచ్చువరకు ఎక్స్‌రే గదికే పోరాదని యువకుని ఆలోచన. ఈ ఆలోచన తలకిందులైనదని నా నిశ్చితాభిప్రాయం. మచ్చను చేసేది ఎక్స్‌రే కాదు, ఆలస్యం. మొదటి నెలలోనే చికిత్స పొందినవాని ఊపిరితిత్తి చాలవరకు శుభ్రంగా మానే అవకాశమున్నది. ఆరునెలలు దాచినవాని ఊపిరితిత్తిలో గుంట పడి, మానిన తరువాత కూడ జీవితాంతం మచ్చ మిగులుతుంది. దాచుట వలన వీసా దక్కదు, చేజారుతుంది.

ఈ భయానికి ఒకనాడు ఆధారముండెను. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ క్షయక్రిమిని ప్రకటించిన తరువాత కూడ అరువది సంవత్సరాలకు పైగా సరియైన మందు లేదు. మంచిగాలి, పాలు, విశ్రాంతి, ఇవే చికిత్స. మదనపల్లె వద్ద ఆరోగ్యవరంలో 1915లో, నిజాం పాలన చివరి సంవత్సరాలలో వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలపై శానిటోరియంలు వెలసినవి. ఇంటినుండి వేరుచేసి పంపబడుట అంటే సగం మరణశిక్షగా జనం భావించేవారు. స్ట్రెప్టోమైసిన్ 1944లో, ఐసోనియాజిడ్ 1952లో వచ్చి ఈ స్థితిని మార్చివేశాయి. ఆ మీదట మద్రాసులో 1956లో ప్రారంభమైన ఒక పరిశోధన ప్రపంచాన్నే ఆశ్చర్యపరచింది. పేద రోగులను రెండు భాగాలుగా చేసి, కొందరిని శానిటోరియంలో మంచి ఆహారంతో ఉంచి, కొందరికి ఇరుకైన వారి ఇండ్లలోనే మందులిచ్చి చూచారు. 1959లో వెలువడిన ఫలితం ప్రకారం రెండు చోట్ల గుణం దాదాపు సమానమే. ఇంటిలోని తక్కినవారికి ప్రమాదం కూడ ఎక్కువ కాలేదు. కొండలపైకి పంపనక్కరలేదని, మందు క్రమంగా వేసుకొనుటే ముఖ్యమని నిరూపించినది మన పొరుగు నగరమే.

నేడు మామూలు క్షయకు ఆరునెలల మందు ఉచితం. పోషణ కొరకు 2018 ఏప్రిల్ నుండి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేయసాగారు; 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేశారు. మందు మొదలైన కొన్ని వారాలలోనే ఇతరులకు అంటించే శక్తి చాలావరకు తగ్గిపోతుంది. మూత్రం ఎర్రగా వస్తే భయపడనక్కరలేదు, అది మందు రంగు. రెండవ నెలకు ఆకలి పుట్టి, దగ్గు పోయి, రోగం పోయిందని తోచి మందు మానివేయుట – అక్కడనే అసలు కష్టం ఉన్నది. మానినవానికి తిరిగి వచ్చే క్షయ తరచు మందులకు లొంగని క్షయ.

పరీక్షకు పోవువారు తెలుసుకోవలసిన చిన్న సంగతి ఒకటి. డబ్బాలో ఉమ్మి ఇచ్చి వచ్చేవారే ఎక్కువ. కావలసినది ఉమ్మి కాదు, తెమడ. నోరు పుక్కిలించి, రెండుమూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ములోతునుండి దగ్గి, ఆరుబయట, నలుగురికి దూరంగా తీయవలెను. ఉదయం నిద్రలేవగానే తీసినది శ్రేష్ఠం. ఆ నమూనాలోని క్రిమి జన్యుపదార్థాన్ని కొద్ది గంటలలో పట్టి చూపే ట్రూనాట్ యంత్రం గోవాలో తయారైనదని మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గర్వించవచ్చు.

పది దినాలు, రెండు వారాలు అన్న ఈ లెక్కలేవీ వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నవి. ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలమగుట, మూడు దినాలు దాటిన తీవ్రజ్వరం, మాట తడబడి మనిషి మగతగా ఉండుట, తలనొప్పితో మెడ బిగుసుకొనుట – ఇట్టి స్థితిలో పడిశం వచ్చి ఎన్నాళ్ళయినదని లెక్కించుతూ కూర్చోరాదు, ఆ గంటలోనే పోవలెను. పసివారి విషయంలో డొక్కలు ఎగురుతున్నవా అని చొక్కా విప్పి చూడవలెను. నిమ్ము చేసినదా లేదా తెలుసుకొనుటకు గడియారం చాలు: బిడ్డ శాంతంగా ఉన్నపుడు నిండా ఒక నిమిషం ఊపిరులు లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేండ్ల లోపు 40 లేక అంతకు మించితే వెంటనే ఆసుపత్రికి. బిడ్డ పాలు తాగకపోయినా అంతే. గర్భిణులు, వృద్ధులు, మధుమేహం ఉన్నవారు ఇతరులకన్న ముందుగా పోవుట మంచిది. బీడీ, సిగరెట్టు, జర్దా అలవాటున్నవారికి గొంతు బొంగురు మూడు వారాలు దాటితే, అది పడిశం బొంగురేనని ఊరుకోరాదు. చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను.

వైద్యుని ముందు కూర్చొన్నపుడు చాలా రోజులనుండి అని చెప్పడం నిరుపయోగం. ఏ తారీఖున మొదలైనది, మధ్యలో తగ్గి తిరగబెట్టినదా, ఏయే మాత్రలు, సూదులు వేసుకొన్నారు, ఇంటిలో ఎవరికైనా ఇదివరకు క్షయ ఉన్నదా, మీ పని ధూళితో కూడినదా – ఈ ఐదు మాటలు చెప్పగలిగితే ఆయన సగం శ్రమ తగ్గుతుంది. వేసుకొన్న మాత్రల అట్టలు జేబులో పెట్టుకొని పోవుట మరీ మంచిది.

చివరగా కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. హాజరు శాతం తగ్గునన్న భయంతో జ్వరముతో, దగ్గుతో తరగతికి వచ్చి కూర్చొనే విద్యార్థులు ఎందరో ఉన్నారు. కిటికీలు మూసిన గదిలో ఒకని దగ్గు నలుబదిమందికి పంచబడుతుంది. వైద్యుని చీటీ చూపినవారికి ఆ దినాల హాజరు కోత పడకుండ చూచుట, చలికాలంలో కూడ తరగతి కిటికీలు తెరచి ఉంచుట, వసతి గృహంలో వార్డెన్ వద్ద ఒక చిన్న నోటుపుస్తకం ఉంచి ఎవరి దగ్గు ఏ తేదీన మొదలైనదో వ్రాయించుట – ఇవి ఖర్చులేని పనులు. పుస్తకంలో పదునాలుగవ దినం వచ్చిన పేరు కనబడితే ఆ విద్యార్థిని పిలిచి, చాటుగా, ఇతరులకు తెలియకుండ పరీక్షకు పంపవచ్చు. పేరు బయట పడదన్న నమ్మకం కలిగితే పన్నెండవ దినాననే వచ్చి చెప్పేవారు కూడ ఉంటారు.